కింది పలువరస

గరుకు కాగితాన్ని నీళ్ళలో ముంచి పళ్ళ సెట్టుని మళ్ళీ రుద్దసాగింది. ఇంకొంచెం, అంచు ఇంకా గరుగ్గానే ఉంది, నాలుకకి తగిలితే అత్తయ్య ఊరుకుంటుందా, అసలు దేనికైనా ఊరుకున్న మనిషా ఆవిడ, ఉప్పు సరిపోతే కారం ఎక్కువంటుంది, రెండూ సరిపోతే గిన్నె సరిగ్గా తోమలేదంటుంది. రుద్దు, రుద్దు. కరెంటున్న రోజుల్లో అయితే తిరిగే చక్రానికి అలా ఆనిస్తే చాలు, క్షణంలో నునుపు తేలేది, ఇప్పుడు కరెంటూ లేదు, కరెంటు తెచ్చే మనిషీ లేడు, ఆ మనిషి నదికి అవతల ఏ స్తంభమెక్కి ఏ తీగలు కలుపుతున్నాడో, రోజూ ఇటువైపే పడే డ్యూటీ వంతెన కూలిన ఆ ఒక్క రోజే అటు పడింది. తల వంచుకో, అని తనకి తనే చెప్పుకుంది. పళ్ళ డాక్టరుగారి షాపు వెనక గదిలో, తనకి అన్నం పెట్టిన పని బల్ల కింద, వీధి వైపు గోడకి వీపు ఆనించి నేల మీద కూర్చుని ఉంది. కిటికీ ఎత్తుకి తల లేస్తే వీధి చివరి మేడ మీద తుపాకీ పెట్టుకుని కూర్చున్నవాడికి కనిపిస్తుంది. వాణ్ణి వీధంతా పైవాడు అంటారు. పైవాడు చూస్తున్నాడు, పైవాడి దయ ఉంటే నీళ్ళు తెచ్చుకుందాం, ఇలా. ఏం మనుషులో, ఈ స్థితిలో కూడా హాస్యాలాడతారు, ఆడకపోతే మాత్రం ఏం చేస్తారు పాపం.

ఆ పైవాడు భోజనానికి లేచేదాకా ఆగాలి. మధ్యాహ్నం రెండు వైపులవాళ్ళకీ ఒకే వేళకి ఆకలేస్తుంది, ఎవరు ఎవరితో చేసుకున్న ఏర్పాటో తెలియదు, ఉన్నట్టుండి అన్నీ ఆగిపోతాయి, జనం బిందెలతో సంచులతో బిలబిలమంటూ బయటికొస్తారు. ఆ కాసేపట్లోనే తను వీధి దాటి, ఎదురు మేడ మూడో అంతస్తుకి ఎక్కి, అత్తయ్యనీ పాపనీ దింపుకుని, వెనక సందులోంచి బడి ఆవరణకి చేరాలి. అక్కడ బస్సు ఉంటుంది. ఆఖరి బస్సు, దీని తరవాత దారి మూసేస్తారట, నిన్న నీళ్ళ దగ్గర చెప్పారు. అత్తయ్య ఏమో కింది పళ్ళు లేకుండా కదలనని కూర్చుంది. ఆవిడ కదలకపోతే తను కదలదు, ఒంటరిగా వదిలేసి ఎలా వెళ్తుంది, తను కదలకపోతే పాప. ఆ ముక్క దగ్గర ఆలోచన ఆగిపోతుంది. మళ్ళీ కాగితం తడుపుతుంది, మళ్ళీ రుద్దుతుంది.

పదిమందిలోకి బోసినోటితో రాను, అంది అత్తయ్య. పళ్ళు పోయిన వైనం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వు ఆగదు, ఆవిడ ముందు నవ్వలేక దిండులో మొహం పెట్టుకుని నవ్వింది తను. హెలికాప్టరు ఇంటి మీదుగా మరీ కిందికి దిగి పోతుంటే పాప ఉలిక్కిపడి లేచి ఏడ్చింది, అంతే, అత్తయ్య ఒంటికాలి మీద లేచి బాల్కనీలోకి పోయింది, వద్దు అత్తయ్యా, లోపలికి రండి అంటున్నా వినదే, నీళ్ళ పాలు పోసినవాణ్ణి నిలదీసినట్టే హెలికాప్టర్ని నిలదీసింది, నీ ఇంట్లో పసిపిల్లలు లేరట్రా, నీ తల్లి నిన్ను ఇందుకే కన్నదట్రా, ఆ ఊపులో కింది సెట్టు నోట్లోంచి ఎగిరి, మూడంతస్తుల మీంచి వెళ్ళి వీధి నడిమధ్యన పడింది. విరగలేదు. అదీ విచిత్రం, తను చేసిన సెట్టు కదా అని ఆ భయంలో కూడా కాస్త గర్వం కలిగింది, చూసుకో మరి. తారు రోడ్డు మీద గులాబీ రంగు చిగుళ్ళతో చక్కగా నవ్వుతూ కూర్చుంది. మధ్యాహ్నం అందరూ అన్నాలకి లేచినప్పుడు తెచ్చుకుందాం అనుకున్నారు. అత్తయ్య కర్టెను చాటునుంచి దాన్నే చూస్తూ కాపలా కాసింది. మధ్యాహ్నం కాకముందే ట్యాంకు వచ్చింది. "నన్నే తొక్కింది," అంది అత్తయ్య, ఇక ఆ పూటంతా నోరు విప్పలేదు, ఆవిడ నోరు విప్పకపోతే ఇంట్లో ఏదో సామాను మాయమైనట్టే ఉంది. చివరికి పాప, దానికీ ముందు పళ్ళు ఊడాయి, పక్కన చేరి, నాన్నమ్మా, నావి వాటంతటవే వస్తాయి, నీవి అమ్మ చేస్తుంది, ఎవరివి ముందొస్తాయో చూద్దామా, అంటే అప్పుడు నవ్వింది. ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఎండిన రొట్టె నీళ్ళలో నానబెట్టుకుని చప్పరిస్తుంటే తనకి ఎంత ముద్దొచ్చారో. ప్రపంచం ఇలా తగలబడుతుంటే ముద్దు రావడమేమిటో, వచ్చింది మరి.

దూరంగా ఏదో పేలింది. దూరమే. అరల్లో అచ్చులు సన్నగా గలగలమని ఊరుకున్నాయి. గోడ పొడుగునా అరలు, అరల నిండా తెల్లటి ప్లాస్టరు అచ్చులు, ఒక్కోటి ఒక్కొక్కరి నోరు. డాక్టరుగారు ఏదీ పారెయ్యనిచ్చేవారు కాదు, ఉండనీ అమ్మా, ఎవరిది ఎప్పుడు విరుగుతుందో, అనేవారు. డాక్టరుగారు పిల్లలతో మొదట్లోనే వెళ్ళిపోయారు, తాళాలు తన చేతిలో పెట్టి. ఇప్పుడు పేటంతా తన చేతి కిందే ఉంది. మనుషుల మొహాలు మరిచిపోతుంది గానీ నోళ్ళు మరిచిపోదు తను, బజార్లో ఎవరైనా నవ్వితే గానీ పోల్చుకునేది కాదు. అదిగో, రొట్టెల కొట్టాయన, నిద్రలో పళ్ళు నూరి నూరి అరగదీసుకున్నాడు. ఆ పక్కన లెక్కల మాస్టారు, ఆయన వంకర పన్నుకి పిల్లలు వేరే పేరు పెట్టుకున్నారు, ఎక్కడున్నాడో ఏమో. అది పెళ్ళికూతురిది, పంటి సందు పూడ్చకపోతే పెళ్ళే వద్దని ఏడ్చింది, తీరా పూడ్చాక పెళ్ళికొడుకు అయ్యో ఆ సందు ఏదీ అన్నాడట, ఎంత నవ్వుకున్నారో ఆ రోజు ఈ గదిలో. ఆ అమ్మాయి ఇప్పుడు ఆస్పత్రిలో, ఒక కాలు. వద్దు, పక్కకి చూడు. పై అరలో, చివర్న, ఆయనది. అలాగే పరిచయమయ్యాడు, స్తంభం మీంచి జారి పన్ను విరగ్గొట్టుకుని వచ్చాడు, మనిషిని చూడకముందే నోటి అచ్చు చూసింది తను, ఎంత నెమ్మదైన నోరో అనుకుంది. ప్లాస్టరులో నెమ్మదితనం ఎక్కడ కనిపించిందో తెలియదు. కానీ నిజమే, తల్లి పది మాటలంటే ఆయన ఒక్కటి, ఆ ఒక్కటీ సగంలో ఆపేసి నవ్వుతాడు. ఆ నవ్వులో తను కట్టిన పన్ను ఒక్కటే కొంచెం తెల్లగా ఉంటుంది, రంగు సరిగ్గా కలవలేదు, మారుస్తానంటే వద్దన్నాడు, ఉండనీ, నీ గుర్తు, అన్నాడు. అంత పెద్ద మాట ఆయన మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

ఫోన్లో కూడా అంతే, క్లుప్తంగా. మేడ పైమెట్టు మీద కాస్త సిగ్నలు దొరికిన రోజున, మీరు ముగ్గురూ వెళ్ళిపోండి, నాకోసం చూడకండి, అమ్మకి నువ్వే ఎలాగో నచ్చజెప్పు, అన్నాడు. మీరో, అంటే గాలి చప్పుడు, నీటి చప్పుడో ఏమో, తరవాత ఏమీ లేదు. అత్తయ్యకి చెబితే వింది, వినీ, ముందు నా పళ్ళు చెయ్యి, అంది. అప్పటినుంచే కదా ఈ బోసినోటి పంతం. పళ్ళు కాదు, తనకి తెలుసు. కొడుకు రాకుండా గడప దాటనంటే కోడలు వాదిస్తుంది, బతిమాలుతుంది, పళ్ళు లేకుండా దాటనంటే ఎవరేం చెయ్యగలరు. పళ్ళు వచ్చేలోగా కొడుకు వస్తాడు, అంతే ఆవిడ ఆశ. సరే, ఆవిణ్ణి అనడమెందుకు, నువ్వు మాత్రం త్వరపడ్డావా? నిజం చెప్పు. రోజూ చీకటుండగానే వచ్చి కూర్చుని, మైనంలో ఒక్కో పన్నునీ ముందుకీ వెనక్కీ జరుపుతూ, వీధిలో ఎవరి అడుగుల చప్పుడైనా తల ఎత్తుతూ, ఇంతసేపు పట్టే పనా ఇది? ఇద్దరూ ఒక్క మనిషి కోసమే ఒక్క పళ్ళ సెట్టు చాటున కూర్చున్నారు. మధ్యలో పాప, పాపం, ఎవరి పళ్ళు ముందొస్తాయా అని వేళ్ళు పెట్టి చూసుకుంటోంది.

చాల్లే, నునుపు తేలింది. గుడ్డతో పైన తుడిచింది, ఇప్పుడు లోపలివైపు, చిగుళ్ళ మీద కూర్చునే వైపు. బొటనవేలు ఎడమ చివరకి వెళ్ళింది. ఆగింది. వెనక్కి వచ్చి మళ్ళీ వెళ్ళింది. అక్కడ గుంట ఉండాలి. అత్తయ్య ఎడమ చిగురు కింద చిన్న ఎముక మొన ఉంది, ఎప్పుడో పన్ను సరిగ్గా పీకనందువల్ల మిగిలింది, అచ్చు మీద అది బొడిపెలా లేస్తుంది, ఆ అచ్చు మీద చేసిన సెట్టుకి సరిగ్గా అక్కడ గుంట పడుతుంది, పడి తీరాలి. లేదు. వేలు నున్నగా జారిపోతోంది. కింది అర దాకా పాక్కుంటూ వెళ్ళింది. అడుగు వరసలో అత్తయ్య నేస్తం బొత్తాల మామ్మ అచ్చు. చేతిలోకి తీసుకుని వేలితో తడిమింది. ఎడమ వైపు, చివర, బొడిపె.

బొత్తాల మామ్మకి బొడిపె లేదు. ఇది మామ్మది కాదు. ఇదే అత్తయ్యది.

ఆ రోజు, వెనక వీధిలో బాంబు పడ్డ మర్నాడు, కింది అర మొత్తం నేల మీద ఉంది. కిందివన్నీ బోసినోళ్ళే, చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, అడుగున పెన్సిలుతో రాసుకున్న గుర్తులు పెచ్చులుగా రాలిపోయాయి. చీకట్లో కూర్చుని ఒక్కోటీ తడుముతూ పోల్చుకుంది. అత్తయ్యదీ మామ్మదీ రెండూ చిన్న దవడలే, రెండూ పక్కపక్కనే దొరికాయి. వీధి మూల బొత్తాలూ సూదులూ అమ్ముకునే మామ్మ, అత్తయ్యకి సరిజోడు, సాయంత్రం అయితే కొట్టు ముందు బల్ల మీద ఇద్దరూ చేరి తమ తమ కోడళ్ళని ఉతికి ఆరేసేవాళ్ళు. తను అటుగా వస్తే మాత్రం మామ్మ పిలిచి, ఏమే, మీ అత్త నిన్నిప్పుడే పొగుడుతోంది, అనేది, అత్తయ్య మొహం చూడాలి అప్పుడు. మొదటి వారంలోనే పోయింది, నీళ్ళ వరసలో నిలబడి ఉండగా. అత్తయ్య ఏడవలేదు, చెప్పకుండా వెళ్ళిపోవడం దానికెప్పుడూ అలవాటే అని కోప్పడింది, మూడు రోజులు అదే కోపం. ఆ చీకట్లో మామ్మ అచ్చు అరచేతిలో పెట్టుకుని తను ఏడ్చింది, ముక్కు తుడుచుకుంటూ ఒకటి ఇటూ ఒకటి అటూ పెట్టింది. ఇటుది అటూ అటుది ఇటూ పెట్టింది. తరవాత ఇన్నాళ్ళూ పళ్ళే చూసుకుంది గానీ చిగురు చూసుకోలేదు. చచ్చిపోయిన మనిషి నోటికి చక్కగా సరిపోయే సెట్టు, ఎంతో నునుపుగా, తన ఒళ్ళో.

మళ్ళీ చెయ్యడానికి లేదు. చిగుళ్ళు పోతపోసే గులాబీ పొడి సీసా అడుగు గీకి కలిపింది, చిటికెడు కూడా మిగల్లేదు, మిగిలినా గట్టిపడేంత వేళ లేదు. చాకు తీసుకుంది. సెట్టుని అసలు అచ్చు మీద పెట్టి నొక్కింది, ఊగిపోయింది. ఇక్కడ ఆనుతోంది, ఇక్కడ గీకు. బొడిపె చోట గుంట తవ్వు, ఇంకా, పెచ్చు లేవకుండా, మెల్లిగా. మళ్ళీ పెట్టు. ఊగుడు తగ్గింది, పోలేదు. ఆనుతున్న చోట గీకగలదు, ఖాళీగా ఉన్నచోట ఏం పెట్టి పూడుస్తుంది? ఇది నోట్లో ఉంటే మాట మాటకీ కొరుకుతుంది. ఆవిడకి ఇంకేం కావాలి, ఇవి పట్టలేదు, మళ్ళీ చెయ్యి, అంటే చాలు, అబద్ధం కూడా కాదు, హాయిగా ఇంట్లో కూర్చుని కొడుకు కోసం ఎదురు చూస్తుంది, బస్సు వెళ్ళిపోతుంది. తన చేతులతో తనే ఆ మాట ఆవిడ నోటికి అందించింది. లేదు, చెప్పకూడదు. కొత్తలో అలాగే ఉంటుంది అత్తయ్యా, నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది, అనాలి. పళ్ళు కట్టేవాళ్ళందరూ అనే మాటే కదా, ఇన్నేళ్ళలో ఎంతమందికి చెప్పలేదు, నాలుక తిరిగిన మాటే. కొత్తలో అలాగే ఉంటుంది. కొత్తలో అలాగే.

గీకుతూ ఉండగా చాకు చప్పుడు పెద్దగా వినిపించసాగింది. ఎందుకా అనుకుంది, మరుక్షణం అర్థమైంది, బయట అంతా ఆగిపోయింది.

సెట్టుని రుమాల్లో చుట్టి గుప్పిట్లో పెట్టుకుని పరుగెత్తింది. వీధి నిండా పెంకులూ గాజు ముక్కలూ, ఎవరిదో ఒంటి చెప్పు, రెండో అంతస్తులో ఎవరో ఆవిడ కిటికీలోంచి దుప్పటి దులుపుతోంది, ఈ కాస్త వేళలో కూడా దుప్పటి దులిపే ఓపిక, తల్లీ, నీకు దణ్ణం. పైకి చూడకు. పైవాడు తింటున్నాడు, తిననీ, కడుపు నిండా తిననీ, తిన్నాక కాసేపు కునుకు తియ్యనీ. ఎవరో బిందె వాల్చి దారిచ్చారు. గుప్పిట్లో మామ్మ పళ్ళు, కాదు, అత్తయ్య పళ్ళు. మెట్లు. మొదటి మలుపు, రెండో మలుపు, గోడకి చెయ్యి ఆనించి ఊపిరి తీసుకుంది, పైనుంచి పాప గొంతు, అమ్మొచ్చింది నాన్నమ్మా!

ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. పాపకి బూట్లు తొడిగి ఉన్నాయి, లేసులు రెండేసి ముడులు, అది అత్తయ్య చెయ్యి. పక్కన సంచి. అత్తయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తనకేసి చూసింది, తన వెనక మెట్ల కేసి చూసింది, వెనక ఎవరూ రావడం లేదని రూఢి చేసుకునేదాకా చూసింది.

"ఫోనేమైనా వచ్చిందా?"

"లేదత్తయ్యా."

"ఒక్క వరసకి ఇన్నాళ్ళా? నీకంటే నత్త నయం. ఇలా తే."

రుమాలు విప్పి ఇచ్చింది. అత్తయ్య సెట్టుని వెలుగు కేసి పట్టుకుని చూసింది, లోపలివైపు తిప్పి చూసింది, చాకు గాట్ల మీద ఆవిడ చూపు కాసేపు ఆగింది. తరవాత గోడ వైపు తిరిగి నోట్లో పెట్టుకుంది. ఇటు తిరిగేసరికి ఎడమ కంటి కింద చర్మం ఒక్కసారి అదిరింది. దవడ అటూ ఇటూ కదిపి చూసుకుంది, నాలుకతో అదిమి పట్టింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి రాలకుండా పైకి చూసింది. ఇంక అంటుంది. ఇంక నోరు తెరిచి అనేస్తుంది. తను అనాల్సిన మాట ఎక్కడికి పోయిందో, అంత నాలుక తిరిగిన మాట, ఒక్క ముక్క రావడం లేదు.

"బాగున్నాయి," అంది అత్తయ్య.

పెళ్ళయి ఈ ఇంట్లో కాలు పెట్టిన దగ్గర్నుంచీ తను చేసిన ఏ పనికీ ఆ నోట ఆ మాట రాలేదు. ఎంత ఎదురు చూసిందో తను ఆ మాట కోసం, కొత్త కోడలిగా ఉన్నప్పుడైతే ఒక్కసారి అంటే చాలనుకునేది. ఇప్పుడు వినేసరికి ఏడుపు తన్నుకొచ్చింది, ఇది కాదు, దీనికి కాదు.

"అత్తయ్యా, నా వల్ల పొరపాటు జరిగింది, అవి మీ..."

"బాగున్నాయన్నానా లేదా?" గదమాయించింది అత్తయ్య. ప్రతి మాటకీ సెట్టు టక్కుమంటోంది. "పిల్ల చెయ్యి పట్టుకో. సంచి నాకియ్యి."

"తలుపు తాళం వేస్తానుండండి."

"వెయ్యకు." అప్పటికే రెండు మెట్లు దిగింది ఆవిడ, వెనక్కి తిరగలేదు. "వాడి దగ్గర తాళంచెవి లేదు. డ్యూటీకి వెళ్ళేటప్పుడు బల్ల మీదే మరిచిపోయాడు."

దిగారు. పాప మధ్యలో, దాని రెండు చేతులూ ఇద్దరి చేతుల్లో, పెంకులు వచ్చిన చోటల్లా ఇద్దరూ కలిసి దాన్ని గాల్లోకి లేపి దాటిస్తుంటే అది ఆటనుకుని ఇంకోసారి, ఇంకోసారి అంటోంది. సందు. సందు చివర ఎండ. బడి గోడ మీద పిల్లలు ఎప్పుడో వేసిన బొమ్మలు, ఇల్లూ చెట్టూ సూర్యుడూ, సూర్యుడికి కళ్ళూ ముక్కూ. అత్తయ్య పెదవి కొసన ఎర్రగా ఒక చుక్క, తను చూసేలోగా కొంగున తుడిచేసుకుంది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఆవరణ నిండా జనం, మూటలు, ఇంజను ఆన్ చేసే ఉంచిన బస్సు. తలుపు దగ్గర నిలబడ్డ మనిషి గొంతు అరిచి అరిచి బొంగురుపోయింది.

"మీరెంతమంది అమ్మా?"

"నలుగురం," అంది అత్తయ్య, అంత గోలలోనూ అందరికీ వినపడేలా, ఒక్కో అక్షరం విడివిడిగా. ఆ నోటితో ఆ మాట అనడానికి ఎంత నొప్పి పడుతోందో పక్కన నిలబడ్డ తనొక్కతికే తెలుసు. "ఇవాళ ముగ్గురం ఎక్కుతున్నాం."